పిల్లల క్వయర్ కోసం వెళ్తే సాల్స్‌బరీయా, వెల్సా?

ఇంగ్లండ్ కేథడ్రళ్లలో, అంటే బిషప్‌ల పెద్ద చర్చిల్లో, క్వయర్‌గా (ప్రార్థనల్లో పాడే బృందంగా) పాడే పిల్లలు సంగీతం ఎలా నేర్చుకునేవారో చూడాలని సాల్స్‌బరీ, వెల్స్ ఊళ్లు రెండూ తిరిగాం. ఒక్కదానికే టైమ్ ఉంటే వెల్స్‌కే వెళ్లమంటాను.

సాల్స్‌బరీ చేరడం సులువు, లండన్ నుంచి నేరుగా రైలుంది. ఎక్కువమంది 123 మీటర్ల శిఖరం, మాగ్నా కార్టా అనే పాత హక్కుల పత్రం చూసి వెళ్లిపోతారు. ఇక్కడి కేథడ్రల్ పాఠశాల మూలాలు 1091 నాటివి. కేథడ్రల్‌లో ఆడపిల్లలకంటూ విడిగా ఒక క్వయర్ 1991లో మొదలైందీ ఇక్కడే. బసకి కేథడ్రల్ ఆవరణలోనే ఉన్న సారమ్ కాలేజీ గదులు బాగుంటాయి.

వెల్స్‌కి రైలు లేదు. బాత్ నుంచి బస్సులో వెళ్లాం, ఆలస్యమైంది. మేం దిగిన పాత హోటల్‌లో లిఫ్ట్ లేదు, అద్దె మాత్రం ఎక్కువే. పెద్దవాళ్లతో వెళ్తే కింద గది ముందే అడగండి.

అయినా వెల్స్ అనే అంటాను. పిల్లలతో కలిసి పాడే పెద్ద గాయకుల కోసం 14వ శతాబ్దంలో కట్టిన వికార్స్ క్లోజ్ వీధిలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. బిషప్ బెకింగ్టన్ హయాంలో, 1460 ప్రాంతంలో, పాడే పిల్లల కోసం రాసిన నియమావళి చదివి ఉంటే ఈ ఊరు ఇంకా దగ్గరవుతుంది. అందులో సంప్రదాయ కీర్తనలతో పాటు రాసిన స్వరాలు చూసి పాడటం, ఉన్న రాగానికి అప్పటికప్పుడు జతస్వరం కల్పించడం కూడా నేర్పాలని ఉంది. మంచానికి ముగ్గురు పడుకోవాలి: చిన్నవాళ్లిద్దరూ ఒకవైపు తలపెడితే, పెద్దవాడు అటువైపు తలపెట్టి వాళ్ల మధ్య కాళ్లు చాపుకోవాలి. అంత చిన్న వయసులో ఇల్లు వదిలి వచ్చిన పిల్లలు!

తర్వాతి కాలంలో చాలా కేథడ్రళ్లు ఈ పిల్లల చదువు, తిండి గాలికొదిలేశాయి. 1811 నుంచి మరియా హాకెట్ అనే లండన్ మహిళ వాళ్ల కోసం పోరాడింది. దశాబ్దాల పాటు ఊరూరా కేథడ్రళ్లు తిరిగి, పిల్లలు ఎలా ఉన్నారో స్వయంగా చూసింది. ఈ దారిలో తిరుగుతుంటే ఆమె మీద గౌరవం పెరిగింది.

ఈవెన్‌సాంగ్ అనే సాయంకాల ప్రార్థనకి టికెట్ అక్కర్లేదు. కాస్త ముందే వెళ్తే గాయకుల పక్కనే కూర్చోనిస్తారు, పిల్లలు ఒకరినొకరు గమనిస్తూ ఊపిరి తీసుకోవడం కూడా కనిపిస్తుంది. స్కూలు సెలవుల్లో మాత్రం వీళ్లుండరు, బయటి బృందాలు పాడతాయి. అందుకే ముందు కేథడ్రల్ వెబ్‌సైట్‌లో ఆ రోజు ఎవరు పాడుతున్నారో చూసి, ఆ తర్వాతే గది బుక్ చేయండి.