పాత అల్యూమినియం పడవ: ఉన్నట్టు బాగుచేయడమా, మార్చి కట్టడమా?

పడవ ఇంటికొచ్చిన రోజే మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా బావది ఒకటి, నాది ఒకటి. అక్క ఏ పార్టీలోనూ చేరలేదు. "ముందు దాన్ని వాకిట్లోంచి తీయండి, స్కూటర్ పెట్టుకోను చోటు లేదు" అంది, అంతే.

పన్నెండు అడుగుల అల్యూమినియం పడవ. చదును అడుగు, అడ్డంగా మూడు బల్ల సీట్లు, అంతా రివెట్ల మీద కట్టింది. వేలంలో పాడుకున్న తుక్కు వ్యాపారి దగ్గర బావ తుక్కు రేటుకే కొన్నాడు. 112 కిలోలు తూగింది, కిలో 150 చొప్పున 16,800. చవకలో కొట్టేశానని ఆ పొద్దంతా సంతోషమే సంతోషం.

ఇక ప్లాన్లు. సీట్లు మూడూ కోసేసి, ముందు భాగంలో ఎత్తుగా డెక్కు వేసి, దాని కింద ఐస్ పెట్టె, చేపల తొట్టి పెట్టి, పైన నీడకు టాపు, వెనక 15 హెచ్‌పీ మోటారు. ఇదీ బావ లెక్క. రాత్రిళ్ళు ఫోన్లో విదేశీ వీడియోలు చూసి చూసి పుట్టిన లెక్క అది. కొత్తప్పుడు ఎట్లుందో అట్లే చేసుకుని, తెడ్డేసుకుంటూ పోదామన్నది నాది. ఇద్దరిలో ఎవరిదీ పూర్తిగా నెగ్గలేదు. ఎందుకో చెప్తాను, ఇట్లాంటి పడవ ఎవరి చేతికైనా వస్తే పనికొస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది పడవ గురించి కాదు, నీళ్ళ గురించి. కర్నూలు చుట్టుపక్కల హంద్రీ మీద గాజులదిన్నె ఉంది, తుంగభద్ర మీద సుంకేసుల ఉంది. కానీ మా మనసంతా శ్రీశైలం వెనక నీళ్ళ మీదే, సంగమేశ్వరం వైపు. జిల్లాలు విడిపోయాక అది నంద్యాలకు పోయింది గానీ మాకు ఇప్పటికీ మన ఊరి నీళ్ళే. అక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, మట్టం నిలకడగా ఉండదు. డ్యాం నిండితే 885 అడుగులు. ఎండాకాలం దిగిపోతే మునిగిన సంగమేశ్వరుడి గుడి మొత్తం బయటపడుతుంది. అంటే నడిమధ్య మట్టంలో ముంపు ఊళ్ళ పునాదులు, బండలు నీటికి జానెడు కిందే దాక్కుని ఉంటాయి. రెండు, ఆషాఢం గాలి. అంత వెడల్పు నీళ్ళ మీద ఆ గాలి లేచిందంటే చదును అడుగు పడవను పక్కల నుంచి బాదేస్తుంది.

బండకు తగిలితే ఫైబర్ పగులుతుంది, అల్యూమినియం సొట్ట పడుతుంది. సొట్టతో ఇంటికి రావచ్చు. కాబట్టి ఇట్లాంటి నీళ్ళకు అల్యూమినియం మంచి సరుకే, తుక్కులో వేయకూడదు. అంతవరకు ఇద్దరమూ ఒప్పుకున్నాం.

బాగుచేసినా, మార్చి కట్టినా, ముందు కారుడు పట్టుకోవాలి. దీనికి పడవను నీళ్ళలో దించకూడదు, నీళ్ళనే పడవలో పోయాలి. రెండు స్టాండ్ల మీద ఎత్తిపెట్టి, లోపల నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, కింద నేల మీద పడుకుని చూశాం. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. బావ ముఖం వెలిగిపోయింది. తర్వాత ఒక రివెట్టు తలకాయ చుట్టూ సన్నగా తడి మెరిసింది, ముత్యమంత బొట్టై జారింది. దాని పక్కదీ అంతే. నేను మార్కరుతో గుండ్రాలు చుడుతూ పోయాను. సాయంత్రానికి 23 గుండ్రాలు. ఎక్కువ భాగం మధ్య సీటు కింద, నడుము వరసలోనే.

రివెట్ల పనికి మాకు దొరికిన మనిషి బస్సు బాడీలు కట్టిన పెద్దాయన. మేం చాచా అని పిలుస్తాం. బస్సు బాడీకీ ఈ పడవకూ పని ఒకటే: రేకు, రివెట్టు, సుత్తి. ఒకరు లోపల ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు బయట నుంచి కొట్టాలి. 23లో 16 ఊరికే కొట్టి బిగిస్తేనే కారడం ఆగిపోయింది. మిగతా ఏడింటికి డ్రిల్లు వేసి, రబ్బరులా సాగే పీయూ సీలెంట్ అద్ది, ఒక నంబరు లావు రివెట్లు వేశాడు. బజార్లో దొరికే మామూలు పాప్ రివెట్టు ఇక్కడ పనికిరాదు, దాని నడిమి బెజ్జంలోంచే నీళ్ళు వస్తాయి. మూతి మూసి ఉండే రకం వేరే ఉంటుంది, తప్పనిసరైతే అది. ఎపాక్సీ ముద్ద పూసేసి చేతులు దులుపుకుందామనీ అనుకోవద్దు. రేకు అలల మీద ఊగుతుంది, గట్టిపడిన ముద్ద ఊగదు, పగిలి ఊడుతుంది.

వెల్డింగ్ జోలికి పోవాల్సిన పని లేకపోయినా మేం పోయాం. ముందు ముక్కు దగ్గర జానెడు చీలిక ఒకటుంది. ఒక షాపులో "టిగ్ ఉంది సార్, ఐదు నిమిషాల పని" అన్నారు. టిగ్ అంటే ఒక రకం వెల్డింగ్, వాళ్ళది స్టీలు గేట్లకు వాడే డీసీ మిషన్. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది గానీ, దాని మీదుండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 దాటాలి. ఏసీ కరెంటు ఆ పొరను చీల్చి శుభ్రం చేస్తుంది, డీసీతో అది సరిగ్గా కుదరదు. పైపొర కరగక ముందే లోపలి రేకు నీళ్ళై కారిపోయింది. చీలిక పోయి రూపాయి బిళ్ళంత బొక్క మిగిలింది. చివరికి చాచాయే రేకు ముక్క ఒకటి అతికి, చుట్టూ రివెట్లు కొట్టాడు. అందంగా లేదు, కారదు.

అసలు గొడవ సీట్ల దగ్గర.

బావకు ఆ బల్లలు ఊరికే అడ్డం. అటు ఇటు తిరగను లేదు, వల పెట్టుకోను లేదు, కాళ్ళు చాపుకోను లేదు. నిజమే. చాచా ఒక సీటు పైరేకు రివెట్లు తీసి చూపించాడు. లోపల పసుపు రంగు ఫోమ్, నొక్కితే స్పాంజి నుంచి వచ్చినట్టు నీళ్ళు. మూడు సీట్లలోదీ లాగి, పక్కనున్న ఉల్లిగడ్డల మండీ కాటా మీద పెట్టాం. 31 కిలోలు. పొడిగా ఉంటే మూడు కిలోలు తూగని సరుకది. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. 28 కిలోల నీళ్ళకు అల్యూమినియం రేటు కట్టినట్టు అప్పుడు తెలిసింది మరి, 4,200 రూపాయలు.

"చూస్తివా అబ్బీ, ఈ దరిద్రమంతా తీసేసి, సీట్లు కోసేస్తే సరి" అన్నాడు.

"కోసే ముందు ఇట్లా రండి సాబ్" అని చాచా పక్క అంచుకు మోకాలు ఆనించి నొక్కాడు. నడిమి సీటు పైరేకు లేకపోవడంతో అంచు రెండు వేళ్ళ మందం లోపలికి వంగింది. అదే రేకును నాలుగు బోల్టులతో మళ్ళీ తగిలించి నొక్కితే కదల్లేదు. 1.6 మిల్లీమీటర్ల రేకు అది. దాన్ని లోపలికి వంగకుండా పట్టుకున్నది ఆ అడ్డ బల్లే. ఇంటికి దూలం ఎట్లాగో దీనికి సీటు అట్లా. కోసేయాలనుకుంటే ఆ బలాన్ని అడ్డ పట్టీలతో, అడుగు పక్కటెముకలతో మళ్ళీ కట్టి ఇవ్వాలి. వీడియోల్లో ఆ భాగం రెండు సెకన్లే ఉంటుంది.

ఫోమ్ కథ ఇంకొకటి. అల్యూమినియం నీటికి 2.7 రెట్లు బరువు. తడిసిన ఫోమ్, కుళ్ళిన చెక్క తీసేశాక మా పడవ డొల్ల 75 కిలోలు. నిండా మునిగితే నీళ్ళలో దాని బరువు 47 కిలోలవుతుంది. అంటే దాన్ని పైన నిలపడానికే 50 లీటర్ల దాకా ఫోమ్ కావాలి. మోటారు, బ్యాటరీ ఉంటే అదనం. సీట్ల డబ్బాల్లో దాదాపు 100 లీటర్లు పడుతుంది. బోల్తా పడ్డా పడవ అడుక్కు పోకుండా, పట్టుకుని వేలాడను ఏదో ఒకటి మిగలాలన్నదే ఆ ఏర్పాటు. సీట్లు తీసేసి డెక్కు వేసిన వాళ్ళు ఆ 100 లీటర్లు ఎక్కడ పెడుతున్నారో ముందు చెప్పాలి. చాలామంది ఐస్ పెట్టె పెడతారు.

డెక్కు ఎత్తు సంగతీ చూడాలి. పడవ అడుగున నిలబడిన మనిషికీ, దానికి ముప్పావు అడుగు ఎత్తున నిలబడిన మనిషికీ చాలా తేడా. ఉల్లిగడ్డల బస్తాలు లోపల వేసిన ఆటో మలుపు తిరగడం వేరు, టాపు మీద వేసిన ఆటో తిరగడం వేరు. గాలిపటంలాంటి నీడ టాపు కూడా చేర్చుకుంటే, ఆషాఢంలో సంగమేశ్వరం దగ్గర ఆ పడవలో నేనెక్కను. బావకు అదే మాట చెప్పాను. అలిగాడు.

అట్లని నా పార్టీ గెలిచిందనీ కాదు. కొత్తప్పుడు ఎట్లుందో అట్లే అంటే, మోటారు బిగించే వెనక పలకలో మామూలు ప్లైవుడ్డే వేయాలి, అది కుళ్ళే ఈ గతి పట్టింది. నీళ్ళకు తట్టుకునే ఐఎస్ 710 మెరైన్ ప్లై రెండు ముక్కలు ఎపాక్సీతో అతికి, అంచులకు మూడు పూతలు పూసి పెట్టాం. పాత యజమాని ఎవరో పడవ లోపలి నేలకు, పురుగు పట్టకుండా రాగి మందు పట్టించిన చెక్క వేసి, ఇనుప స్క్రూలు బిగించాడు. ఆ చెక్క తగిలిన చోటల్లా రేకు మీద తెల్ల పొడి, గీకితే సూది గుంటలు. రాగి, తడి, అల్యూమినియం ఒకచోట చేరితే తినబడేది అల్యూమినియమే. స్టీలు బోల్టు వేసినా కింద నైలాన్ వాషరు పెట్టాలి. కాబట్టి కొన్నిచోట్ల ఉన్నదాన్ని మార్చడమే అసలైన బాగుచేయడం.

చివరికి నాకు తేలిన లెక్క ఇది. నీళ్ళను ఆపేవీ, ఆకారాన్ని పట్టుకునేవీ ఉన్నవి ఉన్నట్టే నిలబెట్టాలి: అడుగు, పక్కలు, సీట్లు, ఫోమ్. బోల్టు విప్పితే ఊడొచ్చేవి ఎవరిష్టం వాళ్ళది. సీట్ల మధ్య చదునుగా తీసి పెట్టుకునే పలకలు, గాలాల స్టాండు, బ్యాటరీ పెట్టె, అన్నీ వేసుకోవచ్చు. బాగా నిలకడైన చెరువులో, గట్టుకు దగ్గరగా, ఒక్కరే గాలం వేసుకునే వాళ్ళు కొంచెం ఎత్తు డెక్కు వేసుకున్నా నేను తప్పనను. వెల్డింగ్ మీద కట్టిన మందం రేకు పడవైతే ఇంకొంచెం స్వేచ్ఛ ఉంది. రివెట్ల పన్నెండడుగులదానికి మాత్రం లేదు.

మోటారు దగ్గర ఎక్కువ ఆలోచించలేదు. పెద్ద మోటారు అంటే వెనక బరువు, వెనక పలక మీద తోపు. ఇంజను తగిలించిన రోజు నుంచి, 1917 నాటి చట్టం బదులు 2021లో వచ్చిన లోతట్టు నౌకల చట్టం కింద తనిఖీ, రిజిస్ట్రేషను ఉంటాయి. వల వేస్తే మత్స్యశాఖ లైసెన్సు వేరే. 15 హెచ్‌పీ మాట బావే వదిలేశాడు. పెట్రోలు లెక్క వేసి వదిలేశాడనుకుంటా, నా మాట విని కాదు.

ఇదంతా విన్న జాలరి ఒకాయన మాకు మూడో దారి చూపించాడు: "ఆ డబ్బుతో ఫైబర్ పుట్టి కొనుక్కుంటే అయిపాయె గదన్నా." ఆయన తప్పేమీ అనలేదు. ఒక్క మనిషి, వల, గంపెడు జిలేబీ చేపలు, ఇంతే పనైతే పుట్టిని మించింది లేదు. గుండ్రంగా ఉంటుంది గనక ఒక్క తెడ్డుతో ఎటైనా తిరుగుతుంది, ఒక్కడే నెత్తిన పెట్టుకుని గట్టెక్కిస్తాడు. మాకు ముగ్గురు ఎక్కాలి, అక్క కూడా రావాలి. పుట్టిలో అక్క ఎక్కదు, అది తేలిపోయిన విషయం.

ఇప్పుడు పడవ 86 కిలోలుంది, కొత్త ఫోమ్, కొత్త పలకలతో కలిపి. సీట్లు మూడూ ఉన్నాయి. బావ నడిమి సీటుకు మెత్తటి దిండు కుట్టించి, నాలుగు నైలాన్ బెల్టులతో కట్టుకున్నాడు. రంగు మాత్రం ఇంకా తేలలేదు. ఆయన ఎరుపు అంటాడు, నేను రేకు రంగే ఉంచుదామంటాను. ప్రైమరు అయితే కొట్టి పెట్టాం, అల్యూమినియాన్ని పైపైన కొరికి పట్టుకునే ఎచింగ్ రకం. నిన్న మళ్ళీ నాలుగు వేళ్ళ నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాం. పొద్దున లేచేసరికి అక్క కింద వంగి చూస్తోంది. "ఒకటి కారుతోంది రా" అంది. మార్కరు తెచ్చి గుండ్రం చుట్టాను.