ఫుట్‌బాల్ లిల్లీ: ఇన్ని ఎండాకాలాలు పెంచాక

ఫుట్‌బాల్ లిల్లీ దుంపకు ఏ మట్టి వేయాలి, ఎంత లోతున నాటాలి లాంటివి అందరూ చెప్పేస్తున్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. నాకు దీని మీద ఇంత ఇష్టం ఒక్క విషయానికే. మిగతా మొక్కలన్నీ ఎండకు చేతులెత్తేసిన మే నెలలో, ఒక్క ఆకు కూడా లేకుండా, ఖాళీ అనుకున్న కుండీలోంచి నేరుగా పువ్వుతో లేస్తుంది.

మొన్న మేలో ఏం జరిగిందంటే, ఎండ ఎక్కకముందే మేడ మీద సర్దుడు మొదలుపెట్టాం. చలికాలం చామంతులు ఎప్పుడో పుల్లలైపోయాయి. అలాంటి కుండీల మట్టంతా టార్పాలిన్ మీద గుమ్మరించి, బాగా ఎండబెట్టి, వేపపిండి కలిపి వానలకు మళ్లీ నింపుకోవడం మా అలవాటు. ట్యాంకు వెనక వరసలో కుండీ ఎత్తిన పనమ్మాయి "అక్కా, ఆగండి, దీంట్లో ఏదో పొడుచుకొస్తోంది" అంది. చూద్దును కదా, నెర్రెలిచ్చిన మట్టిలోంచి బొటనవేలంత మొగ్గ, కాడ మొదట్లో ఊదారంగు మచ్చలు! ఎక్కడిదక్కడే దించి చెంబుడు నీళ్లు పోశాం. ఇక రోజూ పొద్దున్నే మేడెక్కి చూడటమే ఇంట్లో అందరి పని. విచ్చుకున్నాక దగ్గరికెళ్లి చూస్తే అది ఒక పువ్వు కాదు, వందకు పైగా చిన్న ఎర్రపూలు గుండ్రంగా కుదురుకుని ఉన్నాయి, ఒక్కోదాంట్లోంచి సన్నటి కేసరాలు, వాటి కొసన పసుపు పుప్పొడి. మోకాళ్ల నొప్పులతో మేడెక్కడమే మానేసిన మా అత్తయ్యగారు కూడా రెయిలింగ్ పట్టుకుని వచ్చి చూసి వెళ్లారు.

దీనికేం చేయక్కర్లేదు, వదిలేస్తే చాలు అని అందరికీ చెబుతుంటాను కానీ, ఆ మాట ఎండాకాలానికే వర్తిస్తుంది. పువ్వు తర్వాత వచ్చే ఆకులు వానాకాలమంతా ఉండి దుంపకు బలం చేరుస్తాయి. అప్పుడప్పుడు పిడికెడు వర్మీకంపోస్ట్ వేసిన కుండీలే మా ఇంట్లో మరుసటేడు బాగా పూశాయి. చలికాలంలో ఆకు పండిపోయాక నీళ్లు ఆపకపోతే దుంప కుళ్లుతుంది. వాసన లేదు, పువ్వు ఉండేది వారం పది రోజులు, ఆ తర్వాత మళ్లీ ఏడాదికే. ఆన్‌లైన్‌లో నీలం రంగు ఫొటోలు పెట్టి అమ్మే దుంపలు మాత్రం కొనకండి, ఇందులో నీలం లేనే లేదు.

మాది రాజమండ్రి, కడియం నర్సరీలు పక్కనే, దుంప నొక్కి చూసి గట్టిగా ఉన్నదే తెచ్చుకునే వీలుంది. మధ్యాహ్నం ట్యాంకు నీడ కూడా కలిసొచ్చింది. హైదరాబాద్‌లో మా చెల్లెలి మేడ మీద రోజంతా ఎండే, అక్కడ పువ్వు మూడోరోజుకే వాడిపోయింది. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే ఇంకోసారి ఆలోచించండి, దుంప విషం. మా ఇంట్లో అలాంటివేం లేవు కాబట్టి ఈ వానాకాలం పిల్లదుంపలు విడదీసి ఇంకో రెండు కుండీలు పెడుతున్నాను.