గ్రేడిల్ 9: తప్పక మారండి, కానీ 8.14 మీదుగా

జావా, ఆండ్రాయిడ్ ప్రాజెక్టుల కోడ్‌ను కంపైల్ చేసి, టెస్ట్ చేసి, ప్యాకేజీ కట్టే బిల్డ్ సాధనం గ్రేడిల్. 2025 జులై చివర్లో వచ్చిన గ్రేడిల్ 9లో అన్నిటికంటే విలువైనది కాన్ఫిగరేషన్ క్యాష్. మామూలుగా ఏ టాస్క్ (కంపైల్, టెస్ట్ లాంటి ఒక పని) అడిగినా గ్రేడిల్ ముందు బిల్డ్ స్క్రిప్టులన్నీ నడిపి, ఏ టాస్క్ తర్వాత ఏదో చెప్పే గ్రాఫ్ కట్టుకుంటుంది. పదుల కొద్దీ మాడ్యూళ్లున్న ఆండ్రాయిడ్ యాప్‌లో ఒక్క లైను మార్చినా ఈ నిరీక్షణ తప్పదు. క్యాష్ ఉంటే ఆ గ్రాఫ్ డిస్కులో భద్రంగా ఉంటుంది. స్క్రిప్టులు మారనంతవరకు పని నేరుగా టాస్కుల దగ్గరే మొదలవుతుంది. పాత వెర్షన్లలోనూ ఇది ఉంది. 9లో దీన్నే ప్రధాన పద్ధతిగా ప్రకటించారు. అయినా దానంతట అది ఆన్ కాదు, ప్రాపర్టీస్ ఫైల్లో మనమే పెట్టాలి. డూలాస్ట్ బ్లాకులో (టాస్క్ నడిచేటప్పుడు పనిచేసే కోడ్‌లో) ప్రాజెక్ట్ ఆబ్జెక్టును వాడే సొంత టాస్కులు క్యాష్ ఆన్ చేస్తే ఫెయిలవుతాయి. కావలసిన విలువను బ్లాకు బయటే వేరియబుల్లోకి తీసుకుంటే సరిపోతుంది. ఏ లైను అడ్డుపడిందో రిపోర్టులో స్పష్టంగా ఉంటుంది.

గ్రేడిల్ నడవడానికి ఇక జావా 17 కావాలి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో జావా 8 కోడ్ చూసుకునేవాళ్లు కంగారు పడక్కర్లేదు: టూల్‌చెయిన్ (కోడ్‌కు ఏ జావా వాడాలో విడిగా చెప్పే సెట్టింగ్) పెట్టుకుంటే కంపైల్, టెస్టులు జావా 8 మీదే సాగుతాయి. బిల్డ్ సర్వర్లో జావా ఎక్కడుందో చెప్పే జావా హోమ్‌ను 17కి మార్చడం మాత్రం మరవద్దు.

జార్, జిప్ ఫైళ్లు ఇప్పుడు ఏ మెషీన్లో కట్టినా బైటు బైటూ ఒకేలా వస్తాయి. చాలా మంచి మార్పు. కాకపోతే ఫైల్ పర్మిషన్లు 0644కి (చదవడం, రాయడం ఉంటాయి, నడిపే అనుమతి ఉండదు) స్థిరపడతాయి కాబట్టి, జిప్‌లో పెట్టిన షెల్ స్క్రిప్టు సర్వర్లో నడవనంటుంది. ఆ టాస్కులో ఫైల్ సిస్టమ్ పర్మిషన్లనే వాడమని చెప్పాలి.

టెస్టుల దగ్గర రెండు దెబ్బలు తగులుతాయి. జేయూనిట్ టెస్టులను నడిపించే ప్లాట్‌ఫామ్ లాంచర్ లైబ్రరీని టెస్ట్ రన్‌టైమ్ డిపెండెన్సీగా మనమే రాయాలి. టెస్ట్ ఫోల్డర్లో ఫైళ్లుండీ ఒక్క టెస్టూ దొరకకపోతే బిల్డ్ ఫెయిలవుతుంది. ఇదే సరైన పద్ధతి, ఈ తనిఖీని ఆపేయకండి. అమీర్‌పేట పాత నోట్సు నుంచి ఎత్తి రాసిన జేసెంటర్ (పాత లైబ్రరీల రిపాజిటరీ) లైనేమైనా మిగిలుంటే తీసేయండి, ఆ మెథడ్ ఇప్పుడు లేదు.

ముందు 8.14కి వచ్చి, వార్నింగులన్నీ చూపించే మోడ్‌లో హెల్ప్ టాస్క్ నడిపి, కనబడ్డవన్నీ సరిచేయండి. తర్వాత ర్యాపర్ (ప్రాజెక్టుకు తగిన గ్రేడిల్ వెర్షన్‌ను తెచ్చి నడిపే చిన్న స్క్రిప్టు) టాస్కును 9కి రెండుసార్లు నడపాలి: మొదటిసారి ప్రాపర్టీస్‌లో వెర్షన్ మారుతుంది, రెండోసారి ర్యాపర్ జార్, స్క్రిప్టులు కొత్తవవుతాయి.