కుంగుబాటు వెనక బైపోలార్‌ను పట్టడానికి ఏది మేలు: ప్రశ్నపత్రమా, ఇంటివారి మాటా?

బైపోలార్ రుగ్మత అంటే కుంగుబాటు ఒక దశగా, హద్దు మీరిన హుషారు అనే ఉద్రేకం మరో దశగా వచ్చిపోయే జబ్బు. అది ఉన్నవారు ఉద్రేకపు దశలో తమంతట తాము ఆసుపత్రికి రావడం అరుదు, ఎందుకంటే ఆ రోజుల్లో తమకు జబ్బుందని వారికి అనిపించదు; కుంగిపోయినప్పుడే వస్తారు. ప్రాథమిక స్థాయి వైద్యులు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం గడిచిన రెండు వారాల కుంగుబాటును కొలుస్తుందే గాని, ఎప్పుడో వచ్చిపోయిన ఉద్రేకం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగదు. ఆ స్కోరు చూసి డిప్రెషన్ మాత్ర ఒక్కటే రాసిస్తే, బైపోలార్ ఉన్నవారిలో కొందరు మేనియాలోకి, అంటే తీవ్రమైన ఉద్రేకంలోకి, వెళ్లే ప్రమాదం ఉంది. కాబట్టి చీటీ రాయకముందే ఉద్రేకం గురించి అడిగి తీరాలి. ఎలా అడగాలన్నదే ప్రశ్న.

మొదటి దారి ఎండీక్యూ (మూడ్ డిజార్డర్ క్వశ్చనీర్) అనే ప్రశ్నపత్రం. 2000లో అమెరికా మానసిక వైద్యుడు హిర్ష్‌ఫెల్డ్ బృందం ప్రచురించిన ఇందులో అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలు 13 ఉంటాయి. 7 లేదా అంతకు మించి అవునని వచ్చి, అవన్నీ ఒకే కాలంలో కనిపించి, వాటివల్ల చెప్పుకోదగ్గ ఇబ్బంది కలిగివుంటే అనుమానించాలి. కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది, రద్దీ ఓపీలో అది చిన్న లాభం కాదు. అయితే మానసిక వైద్యశాలల్లో బైపోలార్ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు 73 మందిని పట్టిన ఇదే పత్రం, సాధారణ జనంలో పరీక్షించినప్పుడు 28 మందినే పట్టింది. కారణం ఊహించలేనిదేమీ కాదు: కుంగుబాటులో ఉన్న మనిషికి తన హుషారు రోజులు జబ్బుగా గుర్తుండవు, జీవితంలో బాగున్న రోజులుగానే గుర్తుంటాయి. చదవడం రానివారి సంగతి సరేసరి.

రెండో దారి, వెంట వచ్చినవారిని అడగడం. మన ఊళ్లలో రోగి ఒంటరిగా రావడం తక్కువ. ఇది మనకున్న బలమని నా నమ్మకం. ‘ఎప్పుడైనా నాలుగైదు రోజులు సరిగా నిద్ర లేకపోయినా అలసట లేకుండా తిరిగాడా? ఎన్నడూ లేనంతగా మాట్లాడటం, అప్పులు చేయడం, చీటికిమాటికి గొడవపడటం చూశారా?’ అని అడిగితే, రోగి ‘లేదండీ’ అన్నచోట భార్య ‘నిరుడు శ్రావణంలో మనిషే మారిపోయాడు’ అంటుంది. వంశంలో ఎవరికైనా బైపోలార్ ఉందా, ఆత్మహత్యలు జరిగాయా, తొలి కుంగుబాటు పాతికేళ్లలోపే వచ్చిందా, కాన్పయ్యాక వచ్చిందా అన్న, బైపోలార్ అనుమానాన్ని పెంచే సంగతులు కూడా అక్కడే తెలుస్తాయి. ఇందులోనూ లోపముంది. అత్తమామల ఎదుట కోడలు నోరు విప్పదు, మామూలు కోపాన్ని సైతం ఇంటివారు పిచ్చిగా వర్ణించవచ్చు. అందుకే ముందు రోగితో ఏకాంతంగా మాట్లాడి, రోగి అనుమతితో తరువాత ఇంటివారిని పిలవాలి.

ఒక్కటే ఎంచుకోవాలంటే నేను సంభాషణనే ఎంచుకుంటాను. పత్రాన్ని దానికి తోడుగా, నర్సు గాని ఆశా కార్యకర్త గాని చదివి వినిపించేలా వాడతాను. పత్రంలో ‘కాదు’ అని వచ్చినంతమాత్రాన బైపోలార్ లేదని తీర్మానించను, ‘అవును’ వచ్చినా అది నిర్ధారణ కాదు, మానసిక వైద్యుని వద్దకు పంపడానికి కారణం మాత్రమే. రెండు దారుల్లోనూ ఏమీ తేలక డిప్రెషన్ మాత్ర మొదలుపెడితే రెండు వారాల్లో తిరిగి రమ్మనాలి, నిద్ర తగ్గి హుషారు పెరిగితే అంతవరకూ ఆగకుండా వెంటనే తీసుకురమ్మని ఇంటివారికి చెప్పి పంపాలి.