పాత మస్టాంగ్‌కి బ్లోయర్ వేసిన గార్లాండ్ షాపు: ఐదుకి నాలుగు చుక్కలు

డల్లాస్ పక్కన గార్లాండ్‌లో ఉందీ షాపు. నాది 2006 మస్టాంగ్ జీటీ, మాన్యువల్. 4.6 లీటర్ల వీ8, కొత్తలో 300 హార్స్‌పవర్. మా బావమరిది 2016 జీటీ కొన్నాడు. దానిది 5.0 లీటర్ల ఇంజిన్, 435 హార్స్‌పవర్. ఓసారి నా పక్క సీట్లో కూర్చుని "బావా, నీ బండి సౌండ్ మాత్రం సూపర్" అన్నాడు. ఆ 'మాత్రం' దగ్గర మొదలైంది ఈ ఖర్చంతా.

సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే యంత్రం, దీన్నే బ్లోయర్ అంటారు) వేయండి, పికప్ పెరిగేలా వెనక యాక్సిల్ గేరు కూడా 4.10కి మార్చండి అని అడిగాను. ఓనరు వెంటనే అడ్వాన్సు పుచ్చుకోలేదు. బండి అప్పటికే 1,18,000 మైళ్లు తిరిగింది. ముందు ఎనిమిది సిలిండర్లకీ కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేశాడు, అంటే లోపల ఒత్తిడి సరిగా ఉందా, ఎక్కడన్నా కారిపోతోందా అని చూశాడు. ఒక్కటి తేడాగా ఉన్నా ఈ పని ముట్టుకోనన్నాడు. బ్లోయర్ పడ్డాక ఇప్పుడున్న 3.55 గేరే చాలు, 4.10 వేస్తే టైర్లు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కో అని కూడా చెప్పాడు. గేరు మానేశాను. టైర్లు తర్వాత చూద్దాంలే అన్నాను.

డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద వెనక చక్రాల దగ్గర ముందు 258 హార్స్‌పవర్ చూపించింది, బ్లోయర్, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) అయ్యాక 412. ఇంకో యాభై ఎక్కించమన్నాను. కౌంటర్ మీద బిల్లులు ఎగిరిపోకుండా ఒక ఇనప ముక్క పెట్టుకున్నాడు, తీసి నా చేతిలో పెట్టాడు. చూస్తే ఇదే ఇంజిన్ తాలూకు కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీ), మన పెరట్లో ములక్కాయలా వంగిపోయి ఉంది. ఇవి పౌడర్ మెటల్‌వి (లోహపు పొడిని నొక్కి చేసినవి), ఆశపడితే ఇలా అవుతుందన్నాడు. నేను మళ్లీ యాభై మాట ఎత్తలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఎనిస్‌లోని టెక్సస్ మోటర్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసుల ట్రాక్‌కి వెళ్లాం. క్వార్టర్ మైలు వాడు 12.92 సెకన్లు, నేను 13.41. పరువు పోయింది. ట్రాక్ వాళ్లిచ్చిన టైముల స్లిప్పు చూస్తే సంగతి తెలిసింది. మొదటి 60 అడుగులకే నాకు 2.42 సెకన్లు పట్టింది. క్లచ్ వదలగానే పొగ తప్ప బండి కదల్లేదు. చివర్లో స్పీడు మాత్రం వాడికంటే నాదే ఎక్కువ.

సోమవారం పొద్దున్నే తల వంచుకుని షాపుకి వెళ్లాను. ఓనరు నవ్వలేదు, అందుకే ఇంకో చుక్క ఎక్కువిచ్చాను. వెనక రెండు డ్రాగ్ రేడియల్ టైర్లు (నేలని గట్టిగా పట్టుకునే రేసు టైర్లు) వేసి, రేసు ముందు గాలి 18 పీఎస్‌ఐకి దించమన్నాడు. తర్వాతి వారం 60 అడుగులు 1.86, మొత్తం 12.51. ఆ స్లిప్పు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. మా ఆవిడ రెండుసార్లు పీకేసింది, తమ్ముడి మీద ప్రేమ.

కిట్టు, క్లచ్, ట్యూన్, కూలీ కలిపి 9,400 డాలర్లయింది, టైర్లు విడిగా. దాన్ని రూపాయల్లోకి మార్చి తెనాలిలో నాన్నకి చెప్పే ధైర్యం నాకు లేదు. ఇకనుంచి 93 ఆక్టేన్ పెట్రోలే పోయాలి. టెక్సస్ ఎండలో వెంటవెంటనే పరుగు తీయిస్తే బ్లోయర్ వేడెక్కి పవర్ తగ్గుతుంది. బానెట్ ఎత్తి కనీసం అరగంట ఆగాలి.

ఇక ఒక చుక్క కోసింది ఎందుకంటే, వారం అన్న పని 24 రోజులు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తరు. మెసేజ్ పెడితే రెండు రోజులకి బొటనవేలు బొమ్మ వస్తుంది. శనివారం తొమ్మిదింటికల్లా వెళ్లి ఎదురుగా నిలబడండి, అప్పుడు పని తెములుతుంది.

బావమరిది ఈ షాపు అడ్రసు అడుగుతున్నాడు. వాడిది ఆటోమేటిక్, మంచి టైర్లు వేయించుకుంటే చాలు నా దరిదాపుల్లోకి వచ్చేస్తాడు. ఇంకా ఇవ్వలేదు.