ఎత్తైన రీఫ్ ట్యాంకులో పగడాలకు వెలుగు: మెటల్ హాలైడా, టీ5 ట్యూబులా, ఎల్ఈడీనా?

పగడాలు, సముద్రపు చేపలు పెంచే 30 అంగుళాల ఎత్తున్న రీఫ్ ట్యాంకు హాల్లో పెడితే ఆ అందమే వేరు. చేపలకు పైకీ కిందికీ ఈదే చోటుంటుంది, రాళ్లను గోపురంలా పేర్చుకోవచ్చు. పగడాల సంగతికొచ్చేసరికి మాత్రం ఆ ఎత్తే తలనొప్పి. 20 అంగుళాల ట్యాంకుకు చక్కగా సరిపోయిన లైటు ఇక్కడ ఇసుక దాకా చేరదు. ఎవర్ని అడిగినా తలో మాట చెప్తారు. పాతవాళ్లు వాయువు నిండిన, భారీ వెలుగిచ్చే బల్బులైన మెటల్ హాలైడ్‌కు సాటి లేదంటారు. కొందరు టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులు వదలరు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది నేరుగా ఎల్ఈడీకే వెళ్తున్నారు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ఉన్న ట్యాంకును మనసులో పెట్టుకుని ఈ మూడింటినీ తూచి చూద్దాం. నేనుండేది టెక్సస్‌లో, కాబట్టి వేసవి వేడినీ కరెంటు బిల్లునూ వదిలేసి మాట్లాడలేను.

భారత్‌లో ఉన్నవాళ్లకు ముందే ఒక మాట. అక్కడ రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఇక్కడ రాసేది ట్యాంకుల్లో పెంచిన పగడపు ముక్కలు చట్టబద్ధంగా దొరికే చోట ఉన్నవాళ్ల కోసం.

పగడం జంతువే అయినా, దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. అవి వెలుగుతో తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. ఆ వెలుగును కొలిచే లెక్క పార్ (చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్ ఫోటాన్లు పడుతున్నాయో చెప్పే అంకె). 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి అది. మష్రూమ్‌లు, లెదర్ పగడాల్లాంటి మెత్తటి రకాలకు 50 నుంచి 100 ఉంటే హాయిగా ఉంటాయి. టార్చ్, హ్యామర్ లాంటి పెద్ద పాలిప్ రకాలకు (పాలిప్ అంటే పగడంలో ఒక్కో చిన్న జీవి) 100 నుంచి 150. ఎక్రోపోరా లాంటి చిన్న పాలిప్ రకాలకు 200 నుంచి 350 దాకా కావాలి. ఉష్ణమండలంలో నడినెత్తి మీది సూర్యుడు నీటి ఉపరితలం మీద ఇచ్చేది దాదాపు 2000.

చాలామంది వెలుగునంతా నీళ్లే మింగేస్తున్నాయనుకుంటారు. ఈ లోతులో అది చిన్న భాగమే. శుభ్రమైన నీరు 75 సెంటీమీటర్లలో నీలం కాంతిని ఒక శాతం కూడా తీసుకోదు. ఎరుపు మాత్రం అయిదో వంతు పైనే పోతుంది, కానీ రీఫ్ లైట్లలో ఎరుపు ఉండేదే కొంచెం. అసలు నష్టమంతా వెలుగు చెదిరిపోవడంలో ఉంది. సూర్యుడు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి సముద్రంలో పది మీటర్లు దిగినా కిరణాలు విడిపోయి పలచబడవు. మన లైటు ఉండేది జానెడు ఎత్తులో. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ వెలుగు విచ్చుకుంటూ పోతుంది.

లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. లైటు నీటికి 8 అంగుళాల పైన ఉందనుకోండి. నీటిలో 6 అంగుళాల లోతున్న రాతి కొనకు దూరం 14 అంగుళాలు, ఇసుకకు 38. దూరపు వర్గానికి విలోమంగా వెలుగు తగ్గుతుంది కాబట్టి, కొన మీద 400 పార్ ఉంటే ఇసుక మీద 55 కూడా మిగలదు. అదే లైటును 18 అంగుళాల ఎత్తుకు లేపితే దూరాలు 24, 48 అవుతాయి. అప్పుడు కొన మీద 400 ఉంటే ఇసుక మీద 100 ఉంటుంది. అద్దాలు శుభ్రంగా ఉంటే వాటిని తాకిన వెలుగులో చాలాభాగం మళ్లీ లోపలికే తిరుగుతుంది కాబట్టి అసలు ట్యాంకులో ఇంకాస్త మెరుగ్గానే ఉంటుంది. అంటే కిందకు వెలుగు చాలట్లేదని లైటును దించితే పని చెడుతుంది. పైన పగడం మాడిపోతుంది, కింద దానికి ఒరిగేదేమీ ఉండదు. లైటును పైకి లేపి, కిరణాలను ఇరుకు కోణంలో పంపాలి. అయితే కొన మీద అదే 400 నిలబెట్టాలంటే ఆ దిశలో దాదాపు మూడు రెట్ల బలం కావాలి. అది వాట్లు పెంచడం వల్ల రావచ్చు, లెన్స్ వల్ల రావచ్చు. ఈ మూడు రకాల్నీ నేను చూసేది ముందుగా ఈ కోణం నుంచే.

లోతు ఒక్కటే లెక్క అయితే మెటల్ హాలైడ్ చాలాకాలం పాటు తిరుగులేని రాజే. చిన్న బల్బు నుంచి విపరీతమైన వెలుగు, దాని వెనక మంచి రిఫ్లెక్టర్. రెండడుగుల చదరానికి 250 వాట్ల బల్బు ఒకటి చొప్పున ఈ ట్యాంకుకు రెండు చాలు. ఇంకా లోతుంటే 400 వాట్లకు వెళ్లేవాళ్లు. నీలం ఛాయ ఉండే 14,000 కెల్విన్ బల్బు కింద ఇసుక మీద కదిలే నీటి మెరుపు చూస్తే దాని అభిమానులు ఎందుకు వదలరో అర్థమవుతుంది. కానీ బ్యాలస్ట్ (బల్బుకు వెళ్లే కరెంటును అదుపులో పెట్టే పరికరం) నష్టంతో కలిపి దాదాపు 550 వాట్లు, రోజుకు ఎనిమిది గంటలు. నెలకు 130 యూనిట్ల పైమాటే. పైగా ఆ వేడంతా నీటి మీదికే. డాలస్ ఆగస్టులో చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుండా హాలైడ్ నడపమని ఎవరికీ చెప్పలేను. చిల్లర్ తీసిన వేడి గదిలోకొస్తుంది, దాన్ని ఏసీ బయటికి తోయాలి. ఏడాదికోసారి బల్బులు మార్చాలి, మంచి బల్బులు దొరికే చోట్లూ తగ్గిపోతున్నాయి.

టీ5 గురించి ఒక్క మాటలో చెప్పాలంటే, నీడ పడనివ్వదు. 54 వాట్ల నాలుగడుగుల ట్యూబులు ఎనిమిది వరసగా పెడితే వెలుగు ఒక్క చోటి నుంచి కాక పైకప్పంతటి నుంచీ దిగినట్టు ఉంటుంది. ఎక్రోపోరా గుబురు మధ్య కొమ్మల మీద కూడా రంగు నిలుస్తుంది. 20, 22 అంగుళాల ట్యాంకుకైతే నేను దీన్నే మొదట చెప్తాను. 30 అంగుళాలకు మాత్రం ఇది వెనకబడిపోతుంది. ట్యూబు వెలుగు స్వభావమే నలుదిక్కులకూ పరుచుకోవడం, కాబట్టి లైటును నీటికి దగ్గరగా వేలాడదీయాల్సి వస్తుంది, కింది మూడో వంతు మసకగానే మిగులుతుంది. కరెంటు నెలకు 115 యూనిట్ల దాకా అవుతుంది, ఎనిమిది ట్యూబులనూ తొమ్మిది నెలలకో ఏడాదికో మార్చాలి. పాదరసం కారణంగా ఐరోపా సమాఖ్య 2023 ఆగస్టు నుంచి మామూలు వాడకపు టీ5 ట్యూబులను కొత్తగా మార్కెట్లోకి రానివ్వడం లేదు. ఈ రోజు కొత్తగా టీ5 మీద డబ్బు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఎల్ఈడీ బలం లెన్స్‌లో ఉంది. లెన్స్ లేని చిప్ వెలుగు 120 డిగ్రీల మేర చెదిరిపోతుంది. అదే చిప్ మీద 60, 80 డిగ్రీల లెన్స్ పెడితే వాట్లు పెరక్కుండానే వెలుగు కిందికి దిగుతుంది. రేడియాన్, కెసిల్, హైడ్రా లాంటి ఎల్ఈడీ లైట్లలో ఏది కొన్నా డబ్బాపై ఉన్న వాట్ల కంటే ముందు చూడాల్సింది ఈ కోణమే. కానీ ఎల్ఈడీతో వచ్చే చిక్కు కూడా ఇక్కడే. వెలుగు ఒక చిన్న చోటి నుంచి వస్తుంది, కాబట్టి నీడలు గాఢంగా పడతాయి. పెరిగిన ఎక్రోపోరాను పక్క నుంచి వంగి చూడండి. పై కొమ్మలు ఊదా రంగులో మెరుస్తుంటాయి. కింద రాతికి అతుక్కున్న మొదలు దగ్గర కణజాలం పలచబడి, తెల్లటి ఎముక అంచు బయటపడి ఉంటుంది. పై కొమ్మలు గొడుగులా అడ్డుపడటం దీనికి ఒక కారణం, గుబురు లోపలికి నీటి ప్రవాహం వెళ్లకపోవడం ఇంకొకటి.

ఒక్క భారీ లైటు కొని మధ్యలో వేలాడదీయడం ఈ ట్యాంకుకు నేను ఒప్పుకోను. అదే డబ్బుతో చిన్నవి మూడో నాలుగో కొని, నీటికి 12 నుంచి 16 అంగుళాల పైన, వెలుగులు ఒకదాని మీదొకటి పడేలా అమర్చండి. ఒక లైటు వేసే నీడలోకి పక్క లైటు వెలుగు చేరుతుంది, లోతూ దక్కుతుంది. సగటున 250 వాట్లు, రోజుకు తొమ్మిది గంటలు నడిపితే నెలకు 70 యూనిట్లు దాటదు. చుట్టూ నాలుగు టీ5, మధ్యలో ఎల్ఈడీ ఉండే హైబ్రిడ్ ఫిక్చర్లు కూడా ఉన్నాయి. ట్యాంకు నిండా ఎక్రోపోరాయే కావాలనుకునేవాళ్లకు ట్యూబులు దొరికినన్నాళ్లూ అవి చాలా మంచివి.

ఇంత చెప్పాక, లైటు కంటే ముందు ఆలోచించాల్సినది రాయి. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో ఫిలిప్పీన్స్ రీఫ్ ట్యాంకు 25 అడుగుల లోతుంటుంది, నీరు 2,12,000 గ్యాలన్లు. పైకప్పులోని కిటికీల గుండా దానికి ఎండ కూడా అందుతుంది. మన ఇంట్లో ఆ సౌకర్యం లేదు. కానీ రాయిని నీటి ఉపరితలానికి 8, 10 అంగుళాల దూరం దాకా పేర్చుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఎక్రోపోరా అక్కడ, మోంటిపోరా నడిమి అరల మీద, టార్చ్, హ్యామర్ ఇంకాస్త కింద, మష్రూమ్‌లు ఇసుక అంచున. ఇలా పెడితే ఇసుక మీద 80 పార్ ఉన్నా చాలు. ఇసుక మీద కూడా 250 రావాల్సిందేనని పట్టుబడితే పైభాగానికి అవసరానికి మించి వెలుగు పడుతుంది, బిల్లూ పెరుగుతుంది. వెలుగు తక్కువున్న చోట గంటలు పెంచడం కొంతవరకే పనిచేస్తుంది. 200 పార్ పది గంటలిస్తే రోజుకు చదరపు మీటరుకు 7.2 మోల్ కాంతి అందుతుంది. అదే మొత్తం 100 పార్‌తో రావాలంటే ఇరవై గంటలు వెలిగించాలి, పగడానికి చీకటి కూడా కావాలి కాబట్టి అది కుదరదు.

పార్ మీటర్ కొనాల్సిన పనిలేదు, చాలా రీఫ్ క్లబ్బులు అద్దెకిస్తాయి. తీసుకునేటప్పుడు ఎపోజీ ఎంక్యూ-510 లాంటి పూర్తి వర్ణపటపు మోడల్ అడగండి, పాత సెన్సర్లు నీలం కాంతిని తక్కువగా చూపిస్తాయి. కొలిచే ముందు లెన్స్‌ల మీద, పైమూత అద్దం మీద పేరుకున్న ఉప్పు తుడవండి. నీరు పసుపు పచ్చగా ఉంటే యాక్టివేటెడ్ కార్బన్ వేసి రెండు రోజులు ఆగండి, ఆ పసుపు నీలాన్నే ముందు మింగుతుంది.

హాలైడ్ నుంచో టీ5 నుంచో ఎల్ఈడీకి మారుతుంటే పాత లైటు కింద ఒక్కో పగడం దగ్గర ఎంత పార్ ఉందో ముందే రాసి పెట్టుకోండి. కొత్త లైటును అంతకంటే తక్కువలో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున ఆ అంకె దాకా తీసుకెళ్లండి. వెలుగు ఎక్కువైతే పగడం పైకి తిరిగిన భాగం ముందు పాలిపోతుంది, తక్కువైతే శైవలాలు పెరిగి గోధుమ రంగుకు తిరుగుతుంది. పాలిపోయినట్టు కనిపిస్తే ఆ రోజే తీవ్రత తగ్గించండి. గోధుమ రంగుకైతే కంగారు పడక్కర్లేదు, ముక్కను ఒక అర పైకి జరిపి కొన్ని వారాలు చూడండి.