ఇరవై రెండేళ్ల క్లబ్బు సభ్యత్వం: నా అనుభవం

మా క్లబ్బులో నేను చేరి ఇరవై రెండేళ్లయింది. పేరు రాయను గానీ, తెల్లదొరలు కంటోన్మెంటు రోజుల్లో తమ కోసం పెట్టుకున్న పాత క్లబ్బుల్లో అదొకటి. చేరదామనుకునేవాళ్లు ఎలా ఉంటుందని అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

ఆటల విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున ఐదున్నరకి వెళ్లినా టెన్నిస్ కోర్టు నీళ్లు చల్లి సిద్ధంగా ఉంటుంది. జోడీ దొరక్కపోతే మార్కర్, అంటే సభ్యులతో ఆడుతూ ఆట నేర్పే క్లబ్బు ఉద్యోగి, వచ్చి ఆడతాడు. నా బ్యాక్‌హ్యాండ్ ఆయన దిద్దిందే. బిలియర్డ్స్ గదంటే ఇంకా ఇష్టం. అక్కడ బల్ల మీద ఆడే స్నూకర్ మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే సైనికాధికారి మొదలుపెడితే, దాని నియమాలు ఊటీ క్లబ్బులో స్థిరపడ్డాయి. కొత్తగా క్యూ (ఆట కర్ర) పట్టిన ప్రతి పిల్లాడికీ మా బిలియర్డ్స్ మార్కర్ ఈ కథ చెబుతాడు.

క్యాంటీన్, లైబ్రరీ బాగానే ఉంటాయి.

నాకు తృప్తి లేనిది హాల్లో ఉన్న బోర్డు విషయంలో. దాని మీద అధ్యక్షుల పేర్లు బంగారు రంగులో ఉంటాయి. సగం దాకా కర్నళ్లు, మేజర్లు. ఆ కింద మనవాళ్లు. మధ్యలో ఏం జరిగిందో ఎక్కడా రాసి లేదు. కలకత్తాలో రాజేంద్రనాథ్ ముఖర్జీని భారతీయుడన్న కారణంతో బెంగాల్ క్లబ్బులో అడుగుపెట్టనివ్వలేదనీ, ఆ అవమానం నుంచే 1907లో కలకత్తా క్లబ్ పుట్టిందనీ చెబుతారు. బొంబాయిలో గవర్నర్ విల్లింగ్డన్ తెల్లవాళ్లూ మనవాళ్లూ కలిసి ఆడుకునేలా వేరే క్లబ్బే పెట్టాడు. అయితే అవమానం నుంచి పుట్టిన ఆ కలకత్తా క్లబ్ కూడా ఆడవాళ్లకు సభ్యత్వం ఇచ్చింది 2007లో! లండన్‌లోని పాత క్రికెట్ క్లబ్బు ఎం.సి.సి. అయితే 1998లో.

మా దగ్గరా అంతే. మా ఆవిడ బ్యాడ్మింటన్‌లో నాకంటే చాలా మెరుగు. అయినా ఏళ్ల తరబడి ఆమె కార్డు మీద 'సభ్యుడి భార్య' అనే ఉండేది, ఓటు లేదు. నియమం మారాక తన పేరు మీద వచ్చిన కార్డుని ఆ రోజంతా చేతిలోనే పట్టుకు తిరిగింది.

ఇంకోటి చెప్పాలి. నేను చేరిన కొత్తలో నా పుట్టినరోజుకి నాన్నగారిని భోజనానికి తీసుకెళ్లాను. ఉతికిన తెల్ల పంచె, లాల్చీ. డైనింగ్ హాలు గుమ్మం దగ్గర ఆపేశారు. ఆయన ఏమీ అనలేదు, "ఇంటికెళ్లి తిందాం పదరా" అన్నారు. 2014లో చెన్నైలో హైకోర్టు జడ్జినే పంచె కట్టుకున్నారని ఒక క్లబ్బులోకి రానివ్వకపోతే, పంచె కట్టుకున్నవాళ్లను క్లబ్బులు ఆపకూడదని తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది చట్టం తెచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాన్నగారికి ఫోన్ చేశాను. మా క్లబ్బు తర్వాత ఓటింగ్ పెట్టి పంచెను అనుమతించింది. ఆయన మాత్రం మళ్లీ రాలేదు.

ఆటల కోసమైతే నిస్సంకోచంగా చేరండి. చేరాక ఆ బోర్డు ముందు ఒక్కసారి ఆగండి. దాని పక్కన ఇంకో బోర్డు పెట్టాలని నేను కమిటీకి రాసిచ్చాను: మొదటి భారతీయ సభ్యుడు, మొదటి మహిళా సభ్యురాలు, పంచెను అనుమతించిన తేదీ, ఇన్నేళ్లూ మాకు ఆట నేర్పిన మార్కర్ల పేర్లు. వచ్చే నెల జనరల్ బాడీలో అది చర్చకు వస్తోంది.